విశాఖ సముద్రం అడుగున అమెరికా సబ్‌మెరైన్.. ఘాజీ మునిగింది సరే, సెవెన్త్ ఫ్లీట్ కథలో నిజమెంత?

విశాఖపట్నం: ఆర్కే బీచ్‌లో జనం టికెట్ కొని ఎక్కే సబ్‌మెరైన్ రష్యాలో తయారైంది. దాని పేరు ఐఎన్ఎస్ కురుసుర. అక్కడికి కాస్త దూరంలో, సముద్రం అడుగున ఇంకో సబ్‌మెరైన్ ఉంది. దాని పేరు పీఎన్ఎస్ ఘాజీ. అది పాకిస్తాన్‌ది అని అందరికీ తెలుసు. తయారైంది మాత్రం అమెరికాలో.

ఏటా డిసెంబర్ 4 నేవీ డే రాగానే ఫోన్లలో రెండు రకాల వీడియోలు తిరుగుతాయి. ఒకటి, "అమెరికా మన మీదకు యుద్ధనౌకలు పంపింది, రష్యా అడ్డం నిలబడి కాపాడింది" అనేది. రెండోది, "అదంతా ఉత్త కథ, అమెరికా అసలు మన జోలికే రాలేదు" అనేది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, చాలా కల్పన ఉంది. ఆ ఏడాది వాషింగ్టన్‌లో ఏం జరిగిందో, విశాఖ తీరంలో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తేగానీ లెక్క తేలదు.

ముందు ఘాజీ సంగతి

దీని అసలు పేరు యూఎస్ఎస్ డయాబ్లో. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో అమెరికా నేవీలో చేరింది. 1960ల మొదట్లో పాకిస్తాన్ అమెరికాకు మిత్రదేశం. కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికని పెట్టిన సీటో, సెంటో కూటముల్లో సభ్యురాలు కూడా. ఆ లెక్కలో 1963లో ఈ సబ్‌మెరైన్‌ను లీజుకు ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. 1964లో ఘాజీ పేరుతో కరాచీ చేరింది. అప్పటికి మన దగ్గర ఒక్క సబ్‌మెరైన్ కూడా లేదు. పశ్చిమ దేశాల దగ్గర అనుకున్న షరతులకు దొరక్కపోవడంతో భారత్ సోవియట్ యూనియన్ వైపు చూసింది. అలా వచ్చిన వాటిలో 1969లో నేవీలో చేరిన కురుసుర ఒకటి.

అంటే బీచ్ మీద ఉన్నదీ, నీటి అడుగున ఉన్నదీ రెండూ కోల్డ్ వార్ సరుకే. ఉపఖండంలో రెండు దేశాలు కొట్టుకుంటుంటే ఆయుధాలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి.

ఆ రాత్రి ఏం జరిగింది?

1971 నవంబర్ మధ్యలో ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. దానికి రెండు పనులు అప్పగించారు. మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వెతికి ముంచడం, విశాఖ హార్బర్ ముఖద్వారం దగ్గర సముద్ర మైన్లు పరచడం. అప్పటి విక్రాంత్‌కు బాయిలర్‌లో పగుళ్లున్నాయి, పూర్తి వేగంతో వెళ్లలేదు. సబ్‌మెరైన్ కంటపడితే తప్పించుకోవడం కష్టం.

తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ఇక్కడే ఒక ఎత్తు వేశారు. విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ వైపు పంపేశారు. విశాఖలో మాత్రం అది ఇక్కడే ఉన్నట్టు హడావుడి చేయించారు. మాంసం, కూరగాయలు భారీగా కావాలని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు వెళ్లాయి. ఆ మాట బజార్లో పాకి శత్రువు చెవిన పడుతుందన్నది ఆయన లెక్క. విక్రాంత్‌లో ఉన్నట్టుగా ఒక నావికుడి పేరు చెప్పి, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదంటూ కోడ్ లేకుండా ఒక మెసేజ్ కూడా పంపించారు. విక్రాంత్ వేషం వేసిన నౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ డెస్ట్రాయర్ అది, అప్పటికే పాతబడింది.

గమనించాల్సిన విషయం ఏంటంటే.. విశాఖ బజార్లో ఆ వారం నడిచిన పుకారు నేవీ కావాలని పుట్టించింది. యుద్ధం టైంలో పుకారు కూడా ఒక ఆయుధమే. అది సొంత జనం చెవిన కూడా పడుతుంది, అదే దాంతో ఇబ్బంది.

డిసెంబర్ 3 సాయంత్రం పాక్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి బయటికి వచ్చింది. పోర్టు పైలట్ దిగిపోయాక, ముందు నీళ్లలో అనుమానాస్పదంగా కదలిక కనిపించడంతో కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రెండు డెప్త్ చార్జీలు వదలమని ఆదేశించారు. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. ఆ శబ్దం ఒడ్డున ఉన్నవాళ్లకూ వినిపించింది. తెల్లారాక మత్స్యకారులకు నీటి మీద తేలుతున్న వస్తువులు దొరికాయి, వాటిలో లైఫ్ జాకెట్ ఒకటి. తర్వాత ఐఎన్ఎస్ నిస్తార్ డైవర్లు కిందికి దిగి అది ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్న 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

ఢిల్లీ ఈ వార్తను వెంటనే చెప్పలేదు. డిసెంబర్ 9న ప్రకటించింది. అదే రోజు రాత్రి అరేబియా సముద్రంలో పాక్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది.

ముంచింది మనమేనా?

ఇక్కడ ఓపిగ్గా వినాలి. భారత నౌకాదళం అధికారికంగా ఈ ఘనతను రాజ్‌పుత్‌కు ఇచ్చింది. బీచ్ రోడ్‌లో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధం గుర్తుగానే నిలబడింది. పాకిస్తాన్ మాత్రం, మైన్లు పరుస్తుండగా లోపలే ప్రమాదవశాత్తూ పేలుడు జరిగిందని అంటోంది. ఈ అనుమానం పాకిస్తాన్‌కే పరిమితం కాదు. 1971లో మన సైన్యం తూర్పు కమాండ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్.జాకబ్ కూడా, అది ప్రమాదమేనని తర్వాతి కాలంలో రాశారు. డెప్త్ చార్జీ దెబ్బకే లోపలి మైన్లు పేలి ఉంటాయన్నది మూడో వాదన.

2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసినవాళ్లకు ఇంకో కథ గుర్తుంటుంది. అందులో మన సబ్‌మెరైన్ ఒకటి నీటి కింద పోరాడి ఘాజీని ముంచుతుంది. సంకల్ప్ రెడ్డి తీసిన ఆ సినిమా ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. బాగా తీశారు కూడా. కానీ నేవీ అధికారిక కథనంలో ఉన్నది నీటి మీద నడిచే డెస్ట్రాయర్. యూట్యూబ్‌లో 'అసలు కథ' పేరుతో వచ్చే సగం వీడియోలు నిజానికి ఈ సినిమా కథే చెబుతుంటాయి.

ఎవరు ముంచినా ఒక విషయంలో తేడా రాదు. ఘాజీ వచ్చిన పని నెరవేరలేదు. డిసెంబర్ 4 నుంచి విక్రాంత్ మీది విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి.

వాషింగ్టన్‌లో ఏం నడిచింది?

అప్పటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్. ఆయన జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్. వీళ్లిద్దరి తలలో ఉన్నది ఢాకా కాదు, బీజింగ్. చైనాతో రహస్యంగా మాటలు కలపడానికి పాక్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ మధ్యవర్తిగా ఉన్నారు. 1971 జులైలో కిసింజర్ ఒంట్లో బాగాలేదని చెప్పి పాకిస్తాన్ నుంచే గుట్టుగా బీజింగ్ వెళ్లొచ్చారు. ఆ దారి చూపిన మనిషిని ఇబ్బంది పెట్టడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. అప్పటికే తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం ఊచకోత సాగిస్తోంది. కోటి మంది దాకా శరణార్థులు భారత్‌లోకి వచ్చిపడ్డారు. ఆగస్టు 9న ఇందిరా గాంధీ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. నవంబర్ మొదట్లో ఆమె వాషింగ్టన్ వెళ్లి నిక్సన్‌ను కలిసినా ఫలితం లేకపోయింది.

యుద్ధం మొదలయ్యాక వైట్‌హౌస్ పైకి తటస్థం అంది. లోపల మాత్రం పాకిస్తాన్ వైపు మొగ్గాలన్నది అధ్యక్షుడి కోరిక అని కిసింజర్ అధికారులకు చెప్పారు. జాక్ ఆండర్సన్ అనే కాలమిస్టు ఈ సమావేశాల మినిట్స్ సంపాదించి బయటపెట్టారు. దానికి 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇరాన్, జోర్డాన్ దగ్గరున్న అమెరికా యుద్ధ విమానాలను పాకిస్తాన్‌కు మళ్లించే ప్రయత్నం కూడా జరిగింది. అది చట్టానికి విరుద్ధమని సొంత లాయర్లే చెప్పినా ఆగలేదు.

మరి సెవెన్త్ ఫ్లీట్?

వచ్చింది సెవెన్త్ ఫ్లీట్ మొత్తం కాదు, అందులోంచి విడదీసిన టాస్క్ ఫోర్స్ 74. దానికి ముందు నడిచింది అణుశక్తితో నడిచే విమానవాహక నౌక యూఎస్ఎస్ ఎంటర్‌ప్రైజ్. వియత్నాం దగ్గరున్న దాన్ని డిసెంబర్ 10న ఇటు తిప్పారు. మలక్కా జలసంధి దాటి 15వ తేదీకి బంగాళాఖాతంలో అడుగుపెట్టింది. బయటికి చెప్పిన కారణం.. ఢాకాలో చిక్కుకున్న అమెరికన్లను తరలించడం. తర్వాత బయటపడిన రికార్డులు వేరే చెబుతున్నాయి. భారత్ పశ్చిమ పాకిస్తాన్‌ను కూడా దెబ్బకొట్టి ముక్కలు చేస్తుందని నిక్సన్, కిసింజర్ భయపడ్డారు. మిత్రుడి పక్కన నిలబడ్డామని చైనాకు చూపించాలనుకున్నారు. సోవియట్‌కు గట్టి సంకేతం పంపాలనుకున్నారు.

విశాఖ మీద బాంబులు వేయడానికి వచ్చిందన్న మాటకు ఆధారం లేదు. అలాగని షికారుకు వచ్చిందనీ కాదు. బెదిరింపు బెదిరింపే. నలభై ఏళ్ల వయసున్న విశాఖవాసులకు ఆ డిసెంబర్‌లో అది ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వాళ్లు ఇరవైలలోకి కూడా రాకముందే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇదే పోర్టు మీద బాంబులు వేసి వెళ్లాయి. సముద్రం మీంచి ప్రమాదం రావడం ఈ ఊరికి పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చిన మర్నాడే, డిసెంబర్ 16న, ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. నౌక చేసేదేం లేకపోయింది. జనవరిలో వెనక్కి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అమెరికా మీద ఒక అపనమ్మకాన్ని మాత్రం ఇక్కడ వదిలేసి వెళ్లింది. అది దశాబ్దాలు పోలేదు.

రష్యా అడ్డం నిలబడిందా?

సోవియట్ యుద్ధనౌకలు, సబ్‌మెరైన్లు హిందూ మహాసముద్రంలోకి వచ్చి అమెరికా దళాన్ని వెంటాడాయన్నది నిజం. కానీ వీడియోల్లో చూపించినట్టు విశాఖకు కాస్త దూరంలో చుట్టుముట్టి తుపాకులు ఎక్కుపెట్టిన సీన్ మాత్రం అతిశయోక్తి. మ్యాప్ తీసి చూస్తే చాలు. వ్లాదివోస్తోక్ నుంచి బంగాళాఖాతానికి నౌక రావాలంటే పది రోజుల పైమాటే. యుద్ధమే 13 రోజులు నడిచింది.

మాస్కో చేసిన అసలు మేలు సముద్రంలో కంటే న్యూయార్క్‌లో ఎక్కువ కనిపిస్తుంది. భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను డిసెంబర్‌లో మూడుసార్లు వీటో చేసింది. మన సైన్యానికి కావాల్సిన రోజులు అలా దొరికాయి. ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. డిసెంబర్ 7న ఐరాస సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలన్న తీర్మానానికి 104 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకించినవి 11. అంటే ఆ రోజు మన వాదన వినని దేశం అమెరికా ఒక్కటే కాదు.

అమెరికా అంటే నిక్సన్ ఒక్కరేనా?

ఈ ప్రశ్న నేవీ డే వీడియోల్లో దాదాపు కనిపించదు. ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్‌గా ఉన్న ఆర్చర్ బ్లడ్ 1971 ఏప్రిల్ 6న సొంత ప్రభుత్వాన్నే తప్పుపడుతూ టెలిగ్రామ్ పంపారు. ఆయన సహోద్యోగులు 20 మంది దాని మీద సంతకాలు పెట్టారు. ఆయన్ను అక్కణ్నుంచి తప్పించేశారు. ఢిల్లీలో అమెరికా రాయబారి కెన్నెత్ కీటింగ్ నిక్సన్ పార్టీ మనిషే, మాజీ సెనేటర్. ఆయనా ఈ విధానాన్ని గట్టిగా వ్యతిరేకించారు. సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ ఆగస్టులో భారత్ వచ్చి శరణార్థి శిబిరాల్లో తిరిగి వెళ్లి, అక్కడ ప్రభుత్వాన్ని నిలదీశారు. అదే నెల 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ కచేరీ పెట్టి బంగ్లాదేశ్ బాధితులకు విరాళాలు పోగుచేశారు.

పోర్టు ఊరి జనానికి ఇంకా దగ్గరగా అనిపించే సంగతి ఒకటుంది. 1971 జులైలో బాల్టిమోర్ హార్బర్‌లో పద్మ అనే పాక్ సరుకు నౌకకు అడ్డంగా కొందరు శాంతి కార్యకర్తలు చిన్న చిన్న పడవలు వేసుకుని వెళ్లారు. ఫిలడెల్ఫియాలో డాక్ కార్మికులు పాకిస్తాన్ నౌకకు సరుకు ఎక్కించబోమని చేతులెత్తేశారు. రోజు కూలి పోతుందని తెలిసే ఆ పని చేశారు. వాళ్లూ అమెరికన్లే.

కాబట్టి "అమెరికా మనకు శత్రువు" అనే మాట 1971 విషయంలోనూ పూర్తిగా అతకదు. వైట్‌హౌస్‌లో ఇద్దరు తీసుకున్న నిర్ణయానికి వాళ్ల విదేశాంగ శాఖలో, చట్టసభలో, పత్రికల్లో, ఓడరేవుల్లో ఎదురుతిరిగినవాళ్లు ఉన్నారు. అలాగని వాళ్లంతా ఎదురుతిరిగినందుకు ఎంటర్‌ప్రైజ్ ఆగలేదు కూడా. ఇందిరా గాంధీ గురించి నిక్సన్, కిసింజర్ వాడిన బూతులు 2005లో విడుదలైన రికార్డుల్లో బయటపడ్డాయి. అప్పుడు కిసింజర్ విచారం వ్యక్తం చేశారు. అప్పటికి 34 ఏళ్లు గడిచిపోయాయి.

అదే ఏడాది విశాఖ ఎలా ఉంది?

1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ ప్లాంట్ తర్వాత సోవియట్ సహకారంతోనే లేచింది. మే నెలలో సబ్‌మెరైన్ స్థావరం ఐఎన్ఎస్ వీరబాహు మొదలైంది. అదీ సోవియట్ సబ్‌మెరైన్ల కోసమే. ఇవి చూసి విశాఖను రష్యా స్నేహంతో పెరిగిన ఊరు అనేస్తుంటారు. సగమే నిజం. ఇక్కడి రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పెట్టింది, అది అమెరికా కంపెనీ. 1970ల రెండో సగంలో గానీ అది ప్రభుత్వం చేతికి రాలేదు. కోరమండల్ ఎరువుల ఫ్యాక్టరీలోనూ అమెరికా కంపెనీల పెట్టుబడి ఉంది. అంటే ఎంటర్‌ప్రైజ్ ఇటు వస్తున్న రోజుల్లో విశాఖ నేవీ బేస్ పక్కనే అమెరికా వాళ్ల రిఫైనరీ ఆయిల్ శుద్ధి చేస్తూనే ఉంది!

2025 మేలో మళ్లీ అదే గందరగోళం

ఆపరేషన్ సిందూర్ సమయంలో, మే 7న విశాఖలోనూ సైరన్లతో మాక్ డ్రిల్ జరిగింది. మర్నాడు రాత్రి ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "విక్రాంత్ కరాచీ పోర్టును ధ్వంసం చేసింది" అని టీవీల్లో, ఫోన్లలో వార్త దావానలంలా పాకింది. తెల్లారాక చూస్తే కరాచీ పోర్టు ఎక్కడుందో అక్కడే ఉంది. నేవీ తర్వాత బ్రీఫింగ్‌లో చెప్పింది ఏంటంటే, కరాచీ సహా ఎంచుకున్న లక్ష్యాలను కొట్టడానికి పూర్తి సన్నద్ధతతో మోహరించి ఉన్నామని. కొట్టామని కాదు. ఆ రాత్రి తప్పులో కాలేసినవాటిలో టీవీ చానళ్లే ముందున్నాయి. ఆ మాట దాచాల్సిన పని లేదు.

మే 10న కాల్పుల విరమణ వార్తను అందరికంటే ముందు ట్రంప్ సోషల్ మీడియాలో పెట్టేశారు, తానే ఆపించానని చెప్పుకున్నారు. రెండు దేశాల డీజీఎంఓలు నేరుగా మాట్లాడుకునే ఆపామని ఢిల్లీ చెప్పింది. వాషింగ్టన్ నుంచి ఫోన్లు వచ్చిన మాటా నిజమే. మూడు నెలలకు, ఆగస్టు 27 నుంచి, రష్యా ఆయిల్ కొంటున్నామని అదే ట్రంప్ సుంకాన్ని 50 శాతానికి పెంచారు. ఆంధ్ర తీరంలో రొయ్యల చెరువు ఉన్న ప్రతి రైతుకూ ఆ నంబర్ నోటికొచ్చింది. అమెరికాలో ఓట్ల లెక్క, ప్రతిష్ట లెక్క మారితే భీమవరం దాకా దెబ్బ తగులుతుంది. 1971లోనూ జరిగింది ఇలాంటిదే. ఢాకాలో ప్రాణాలు పోతుంటే వాషింగ్టన్ బీజింగ్ లెక్కలు వేసుకుంది.

ఇప్పుడు జెట్టీలో ఉన్నది ఏది?

విశాఖ నేవల్ బేస్‌కు చెందిన పెద్ద నౌకల్లో ఐఎన్ఎస్ జలాశ్వ ఒకటి. 2020లో కరోనా టైంలో మాల్దీవుల నుంచి మనవాళ్లను తెచ్చింది అదే. దాని పాత పేరు యూఎస్ఎస్ ట్రెంటన్. అమెరికా నేవీ నుంచి కొని 2007లో మన నేవీలో చేర్చారు. ఒకప్పుడు ఏ దేశం నౌకలు వస్తున్నాయని భయపడ్డారో, ఆ దేశం నావికులే 2019 నవంబర్‌లో టైగర్ ట్రయంఫ్ విన్యాసాలకు విశాఖ, కాకినాడ తీరాలకు అతిథులుగా వచ్చారు. 2020 నవంబర్ 3న విశాఖ దగ్గర మలబార్ విన్యాసాలు మొదలయ్యాయి. సరిగ్గా అదే రోజు అమెరికాలో ట్రంప్, బైడెన్‌ల మధ్య పోలింగ్ జరిగింది. ఎవరు గెలిచినా ఆ విన్యాసాలు ఆగేవి కావు.

ఇక ఘాజీ.. 2024 ఫిబ్రవరిలో నేవీ తన డీఎస్ఆర్‌వీ సాయంతో దాని శిథిలాలను గుర్తించినట్టు వార్తలు వచ్చాయి. తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. చనిపోయిన నావికుల మీద గౌరవంతో దాన్ని కదిలించకుండా వదిలేశారు. ఘాజీ దగ్గరికి దిగిన పాత నిస్తార్ పేరుతోనే హిందుస్థాన్ షిప్‌యార్డ్ కొత్త డైవింగ్ నౌకను కట్టింది. 2025 జులై 18న అది విశాఖలో నేవీలో చేరింది. కురుసురను చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట.. మ్యూజియానికి సోమవారం సెలవు.